జెబా వేలు చూపింది

జెబాకు గొంతు లేదని కాదు, ఉంది. దాన్ని బయటికి తీయడమే ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. లాలాగూడలో వాళ్ల గల్లీలో ఆడపిల్ల పెద్దవాళ్ల ముందు గట్టిగా మాట్లాడితే నలుగురూ తల తిప్పి చూస్తారు. ఇక పెద్దవాళ్లకు వేలు చూపించి మాట్లాడిందా, పొద్దు గూకేలోపు కబురు తండ్రికి చేరుతుంది. జెబా తండ్రి చాంద్‌పాషాకు ఇరవై మూడేళ్లలో అలాంటి కబురు ఒక్కటి కూడా చేరలేదు. "మా జెబా నోట్ల నాలిక లేని పిల్ల" అని ఆయన ఊరంతా గొప్పగా చెప్పుకునేవాడు.

ఐర్లండ్‌లో సరిగ్గా అదే ఆమె కొంప ముంచింది.

జెబా అక్కడ వాటర్‌ఫర్డ్ అనే ఊళ్లో ఆహార శాస్త్రంలో మాస్టర్స్ చదువుతోంది. ఆ ఊళ్లో ఒక వాలంటీర్ల జట్టు ఉంది. ఎవరికైనా గుండె ఆగిందని కబురొస్తే, అంబులెన్స్ వచ్చేలోపు దగ్గర్లో ఉన్న వాలంటీరు ఫోన్ మోగుతుంది. చేతిలో పని చేతిలోనే వదిలేసి పరుగెత్తాలి. జీతం బత్తెం లేని పని. జెబా అందులో చేరింది లోకాన్ని ఉద్ధరిద్దామని కాదు. మంగళవారం సాయంత్రాలు గదిలో ఒక్కతే కూర్చోలేక చేరింది. శిక్షణ జరిగే చర్చి హాల్లో హీటరు ఉంటుంది, టీ ఇస్తారు, మనుషులు మాట్లాడతారు. అంతకన్నా పెద్ద కారణమేమీ లేదు. కానీ మూడు మంగళవారాలు గడిచేసరికి ఆ పని ఆమెను పట్టేసుకుంది. రాత్రి దిండు మీద చేతులు పెట్టి ముప్పై లెక్కపెట్టి గాని నిద్రపోయేది కాదు.

అంత కష్టపడ్డా పరీక్ష తప్పింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

నేర్పించే ఆయన పేరు రిచర్డ్. పోస్ట్‌మ్యాన్‌గా పనిచేసి రిటైరైనవాడు. రెండోసారి తప్పినప్పుడు ఆమెను పక్కకు పిలిచి కూర్చోబెట్టాడు. "నువ్వు నొక్కడం బాగుంది. లోతు బాగుంది, వేగం బాగుంది. కానీ గదిలో ఎనిమిది మందిమి ఉన్నాం. నువ్వు ఒక్కరిని కూడా పిలవలేదు. చడీచప్పుడు లేకుండా మోకాళ్ల మీద కూర్చుని నీ పాటికి నువ్వు నొక్కుకుంటూ పోయావు. రెండు నిమిషాలు దాటితే ఎవరి చేతులైనా పడిపోతాయమ్మా. వేలు పెట్టి చూపించు. నువ్వు, ఫోన్ చెయ్యి, అను. నువ్వు, ఇటు రా, అను. అందరినీ కలిపి పిలిస్తే ఎవరూ రారు" అన్నాడు.

జెబా తలూపింది. తలూపడం ఆమెకు బాగా వచ్చు. మూడో పరీక్ష జనవరిలో పెట్టారు. ఈలోపు డిసెంబరు సెలవులు వచ్చాయి, లాలాగూడ వచ్చింది.

వచ్చిన రోజే చాంద్‌పాషా గల్లీలో ప్రచారం మొదలుపెట్టాడు. "మా జెబా అక్కడ అంబులెన్సు డాక్టరమ్మ" అని. పరీక్ష తప్పిన సంగతి చెప్పడానికి జెబాకు నోరు రాలేదు. ఆ ప్రచారాన్ని పర్వతాలు మాత్రం నమ్మలేదు.

పర్వతాలు ఎవరంటే, రైల్వే వర్క్‌షాపు కమ్మరి విభాగంలో ఇరవై ఎనిమిదేళ్లు చాంద్‌పాషాతో కలిసి ఒకే దాగలి మీద సమ్మెట కొట్టినవాడు. చాంద్‌పాషా కంటే రెండేళ్లు పెద్ద. ఆయనకూ ఆయన భార్య అనసూయమ్మకూ పిల్లల్లేరు. జెబా సగం బాల్యం వాళ్లింట్లోనే గడిచింది, బడికి పోయింది పర్వతాలు సైకిలు మీదే. ఆమెను ఆటపట్టించే హక్కు తనకే ఉందని ఆయన నమ్మకం.

"ఏందే బిడ్డా, రబ్బరు బొమ్మకు పానం పోస్తున్నవట?" అన్నాడు ఆమెను చూడగానే. "లేచి కూసున్నదా మరి? చాయ్ అడిగిందా?"

"పెద్దనాయనా, జెర ఊకో" అని నవ్వి తప్పుకుంది జెబా.

ఆదివారం పొద్దున రైల్వే గ్రౌండ్‌లో బాల్ బ్యాడ్మింటన్ మ్యాచ్ జరిగింది. రిటైరైనవాళ్లు ఏటా ఆడుకునే మ్యాచ్ అది. ఒకవైపు కమ్మరి విభాగం, ఒకవైపు బోగీలు బాగుచేసే విభాగం. జట్టుకు ఐదుగురు, చూడ్డానికి వచ్చిన పాత ఉద్యోగులు ఇంకో పదిమంది. పసుపు ఊలు బంతి, అరవై దాటిన మోకాళ్లు, పాతికేళ్ల నాటి పౌరుషాలు. అంపైరు జెరెమియా కూడా రిటైరైన ఉద్యోగే. కుర్చీలో కూర్చుని విజిల్ ఊదడం తప్ప మరో పని పెట్టుకోనివాడు. ఆడవాళ్లు ఒక పక్కన చాప పరుచుకుని ఉప్మా డబ్బాలు విప్పుతున్నారు.

ఎండ ఇంకా ముదరలేదు. పర్వతాలు వెనక్కి వంగి ఒక్క దెబ్బ కొట్టాడు. బంతి అవతలివాళ్ల కాళ్ల మధ్య పడింది. "ఇగ చూస్కో!" అని చెయ్యెత్తి అరిచాడు. ఎత్తిన చెయ్యి దిగేలోపు మనిషి నిలువునా కూలిపోయాడు.

ముందు అందరూ జారిపడ్డాడనుకుని నవ్వారు. తర్వాత ఆయన కాళ్లూ చేతులూ కొట్టుకోవడం చూశారు. కళ్లు తేలేశాడు. నవ్వు ఆగిపోయింది.

"ఫిట్స్! ఫిట్స్ వచ్చినయ్! తాళాలు తెండ్రి!" అని ఎవరో కేక వేశారు.

అంతే. ఎవరి జేబులో చెయ్యి వాళ్లు పెట్టారు. స్కూటరు తాళాలు, ఇంటి తాళాలు, బీరువా తాళాలు, ఐదారు గుత్తులు వచ్చి పడ్డాయి. మూర్ఛ వస్తే చేతిలో ఇనుము పెట్టాలి, అది అక్కడ పుట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు. పర్వతాలు పిడికిలి విప్పి గుత్తులు కుక్కి మళ్లీ మూశారు. కొట్టుకోవడం ఆగింది. "ఆగినయ్ చూడు, ఇనుము పని చేసింది" అన్నాడు ఒకాయన తృప్తిగా. పర్వతాలు నోరు తెరిచి ఒకసారి గట్టిగా గురక పెట్టినట్టు లాగాడు. చాలాసేపటికి ఇంకోసారి. "ఊపిరి తీస్తుండు, ఏం గాలే" అన్నాడు ఇంకొకాయన. అనసూయమ్మ స్టీలు గ్లాసుతో నీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, "జెర నోరు తెరువయ్యా" అని భర్త పెదాల దగ్గర పెట్టింది.

జెబా చాప దగ్గర నుంచి అంతా చూసింది. అది మూర్ఛ కాదు. గుండె ఆగిన క్షణంలో కొందరికి ఒళ్లు అలా కొట్టుకుంటుంది. ఆ గురక ఊపిరి కాదు. రిచర్డ్ మూడు మంగళవారాలు వీడియోలు వేసి చూపించింది ఇదే. ఇప్పుడు గడిచే ఒక్కొక్క నిమిషం ఈ మనిషి ఆయుష్షులో ఎంతెంత పట్టుకుపోతుందో కూడా ఆమెకు తెలుసు.

"జెర వినున్రి…" అంది.

ఎవరూ వినలేదు. గుంపులో ఎవరి గోల వారిది. జెబా సందు చేసుకుని లోపలికి దూరి, పర్వతాలు పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. భుజం తట్టింది, పలకలేదు. ఛాతీ చూసింది, కదల్లేదు. ఛాతీ నడిమధ్య చేతులు పెట్టి నొక్కడం మొదలుపెట్టింది. చడీచప్పుడు లేకుండా, తన పాటికి తాను, ఒక్క మనిషిని పిలవకుండా. పరీక్షలో రెండుసార్లు చేసిన తప్పే మూడోసారి నిజం మనిషి మీద చేస్తోంది.

పది కూడా లెక్కపెట్టలేదు. ఎవరో ఆమె భుజం పట్టి లాగారు. "లే బిడ్డా, గాలి ఆడనియ్యి." ఇంకెవరో పర్వతాలు కాళ్లు పట్టారు, ఇద్దరు చంకల కింద చేతులు వేశారు. "ఎత్తున్రి! ఆటోల ఏస్కొని పోదాం!" మనిషి నేల మీద నుంచి లేచాడు. జెబా చేతుల కింద ఛాతీ జారిపోయింది. చేతుల్లో ఏమీ మిగల్లేదు.

అప్పుడు వచ్చింది ఆ గొంతు.

"దించున్రి కిందికి!"

గ్రౌండ్ అవతల క్రికెట్ ఆడుతున్న పిల్లలు కూడా ఆగి చూశారు. మోస్తున్నవాళ్లు దిమ్మెరపోయి దించేశారు. అది ఎవరి గొంతో వాళ్లకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"ఇది ఫిట్స్ కాదు! గుండె ఆగింది! ఆటోల ఏస్తే తొవ్వలనే పోతడు. ఆ తాళాలు తీసి పడెయ్యున్రి!" జెబా మళ్లీ ఛాతీ మీద చేతులు పెట్టింది, నొక్కుతూనే తలెత్తింది. ఒక చెయ్యి తీసి సూటిగా వేలు చూపించింది. "జెరెమియా అంకుల్! నువ్వు! 108కి ఫోన్ చెయ్యి. గుండె ఆగిందని చెప్పు. లాలాగూడ రైల్వే గ్రౌండ్ అని చెప్పు. ఫోన్ పెట్టేయకు!"

జెరెమియా నోట్లోంచి విజిల్ కింద పడింది. ఫోన్ తీశాడు.

"దయాకర్ కాకా, నువ్వు! గేటు కాడికి ఉరుకు. అంబులెన్సు రాంగనే ఇటు పట్కరా!"

దయాకర్ బోగీల విభాగం జట్టు కెప్టెను. జీవితంలో ఎవరి మాటా వినని మనిషి. పరుగెత్తాడు.

అనసూయమ్మకు మాత్రం ఇదేమీ ఎక్కలేదు. ఆమెకు కనిపించేది ఒక్కటే, తన చేతులతో అన్నం తినిపించి పెంచిన పిల్ల తన భర్త రొమ్ము మీద పడి కుమ్ముతోంది. "వద్దే! చంపుతవా నా మనిషిని!" అని జెబా జడ పట్టుకుని లాగింది. మెడ వెనక్కి విరిగినంత పనైంది. జెబా చేతులు ఆపలేదు.

"పెద్దమ్మా! పెద్దనాయన పోయిండు. ఇప్పటికే పోయిండు. నేను వెనకకు తెస్తున్న. నా జడ ఇడువు!"

ఆ మాట అనాలని జెబా అనుకోలేదు. అలాంటి మాట ఆ ఇల్లాలితో ఆ జన్మలో అనగలనని కూడా అనుకోలేదు. అనసూయమ్మ చెయ్యి వదిలేసి అలాగే నేల మీద కూలబడింది. జెబా లెక్క తప్పలేదు. ఇరవై ఒకటి, ఇరవై రెండు. అరచేతుల కింద ఏదో పుటుక్కుమంది. పక్కటెముక విరిగింది. దగ్గర నిలబడ్డవాళ్లందరికీ వినిపించింది. ఒకాయన కళ్లు మూసుకున్నాడు. ఎముక విరిగితే విరగనీ, ఆపొద్దని నేర్పారు. ఆపలేదు.

రెండు నిమిషాలకు చేతులు వణకడం మొదలైంది. లోతు తగ్గుతోందని ఆమెకే తెలుస్తోంది. తలెత్తి చూసింది. చుట్టూ అంతా ముసలివాళ్లు. కానీ చేతులు చూడండి, ముప్పయ్యేళ్లు సమ్మెట ఎత్తిన చేతులు. ఆ చేతులన్నీ పనీపాటా లేకుండా వేలాడుతున్నాయి.

"అబ్బా! ఇటు రా!" అని తండ్రికి వేలు చూపించింది.

చాంద్‌పాషా బ్యాటు గుండెకు హత్తుకుని నిలబడి ఉన్నాడు. కళ్ల నుంచి ధార. "నాతోని కాదు బేటా. వాని మీద చెయ్యి ఎట్ల ఏయాలె నేను?"

"అబ్బా, కాలిన ఇనుము మీద ఇద్దరు కొడుతుంటరు. ఒకడు అలిసి తప్పుకుంటడు. ఇంకొకడు ఎట్ల వస్తడు? మధ్యల ఆపుతరా?"

"ఆపితె ఎట్ల? సల్లారిపోదూ?"

"గంతే! సల్లారొద్దు. నా దెబ్బ ఎనకనే నీ దెబ్బ పడాలె. నా ఎదురుంగ రా. చేతులు వంచకు. బరువు నడుము నుంచి రావాలె."

ఇక చెప్పాల్సిన అవసరం లేకపోయింది. చాంద్‌పాషా బ్యాటు విసిరేసి ఎదురుగా మోకరిల్లాడు. జెబా "ఇరవై తొమ్మిది, ముప్పై" అని చేతులు తీసిన చోట ఆయన చేతులు పడ్డాయి. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. చర్చి హాల్లో మనుషులు మార్చుకోవడం నేర్చుకోవడానికి నెల పట్టింది. ఈ ముసలివాళ్లకు అది పుట్టుకతో వచ్చినట్టే ఉంది. చాంద్‌పాషా వెనక ఇంకొకాయన తనంత తానే వచ్చి మోకాళ్ల మీద సిద్ధంగా కూర్చున్నాడు. ఆయన వెనక ఇంకొకాయన. బోగీల విభాగం వాళ్లు కూడా బెల్టులు బిగించి వరసలో చేరారు.

జెబా పక్కన కూర్చుని లెక్క చెప్తూ పోయింది. ఆ లెక్కను వరసలో ఉన్నవాళ్లంతా అందుకున్నారు. "జెర లోతుకు పో, కాకా. పూరా పైకి రానియ్యి. ఉరకకు. నువ్వు తప్పుకో, నువ్వు రా." అందరినీ నువ్వు అనే అంది, అందరికీ వేలు చూపించే అంది. ఒక్కరూ నొచ్చుకోలేదు. చాంద్‌పాషా రెండోసారి వంతుకు వచ్చినప్పుడు ఆయన కన్నీళ్లు పర్వతాలు బనియను మీద పడుతున్నాయి. చేతులు మాత్రం లెక్క తప్పడం లేదు. "లేవరా, లేవరా సాలే" అని ప్రతి దెబ్బకూ తిడుతున్నాడు.

పదమూడు నిమిషాలు.

దయాకర్ అంబులెన్సుకు ముందు రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. దాన్లోంచి దిగిన అమ్మాయి ఊర్మిళ, ముప్పై ఏళ్లుంటాయేమో. ఆమె వచ్చేసరికి అక్కడ కనిపించిన దృశ్యం ఎన్నడూ చూడనిది. పదిమంది ముసలివాళ్లు వరసకట్టి, పాతికేళ్ల లోపు పిల్ల లెక్క చెప్తుంటే, మనిషి గుండె నడిపిస్తున్నారు. ఆమె ఒక్క మాట అడగలేదు. బనియను కత్తిరించి షాకిచ్చే యంత్రం అట్టలు రెండు ఛాతీకి అంటించి, "అందరు దూరం" అంది. యంత్రం షాకిచ్చింది. పర్వతాలు ఒళ్లు ఎగిరిపడింది. ఏమీ కాలేదు.

"మళ్ల నొక్కున్రి" అంది ఊర్మిళ.

మళ్లీ రెండు నిమిషాలు. జెబా తనే నొక్కింది. చేతులున్నాయో లేవో తెలియడం లేదు. మళ్లీ దూరం జరిగారు. మళ్లీ షాక్. ఊర్మిళ మెడ దగ్గర వేళ్లు పెట్టింది. ఎవరూ ఊపిరి తీయలేదు.

"నాడి దొరికింది" అంది.

ఆ మాట తర్వాత పర్వతాలు తనంతట తాను, ఎవరి సాయం లేకుండా, ఒక ఊపిరి తీశాడు. తర్వాత ఇంకొకటి. చాంద్‌పాషా "యా అల్లా" అని నేలకు నుదురానించాడు. ఆ గ్రౌండ్‌లో ఇరవై మంది మగవాళ్లు, వాళ్లలో కొందరు తల్లి పోయినప్పుడు కూడా ఏడవనివాళ్లు, వెక్కి వెక్కి ఏడ్చారు.

స్ట్రెచర్ ఎక్కిస్తూ ఊర్మిళ అడిగింది. "ఇది ఎవరు షురూ చేసిన్రు?"

ఇరవై మందీ ఒక్కసారిగా జెబాకు వేలు చూపించారు.

ఆసుపత్రిలో డాక్టరు రెండు స్టెంట్లు వేశాడు. "మెదడుకు రక్తం ఆగకుండ మీరే నడిపించిన్రు. లేకపోతే నేను చెయ్యడానికి ఏం మిగిలేది కాదు" అని చెప్పాడు. ఆ మాటను జెరెమియా లాలాగూడలో ఇంటింటికీ మోశాడు. మూడో రోజు పర్వతాలు పూర్తిగా కళ్లు తెరిచి, రొమ్ము తడుముకుని, మొదట అడిగిన మాట, "ఎవడ్రా నా బొక్కలిరగ్గొట్టింది?"

"అందరం" అన్నాడు చాంద్‌పాషా. అని, మిత్రుడి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

జెబా రిచర్డ్‌కు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది, పరీక్ష తప్పిన సంగతి తండ్రికి చెప్పేసినట్టు కూడా చెప్పింది. అవతల ఆయన ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తర్వాత, పరీక్ష మాత్రం పద్నాలుగో తారీఖునే ఉందని, తప్పకుండా రావాలని గుర్తు చేశాడు.

తొమ్మిదో రోజు పర్వతాలు ఇంటికొచ్చాడు. మర్నాడే జెబా ప్రయాణం. చెప్పి వద్దామని తండ్రితో కలిసి వాళ్లింటికి వెళ్లింది. ఆ రోజు గ్రౌండ్‌లో అన్న మాట ఆమెను ఇంకా పొడుస్తూనే ఉంది. అనసూయమ్మ కూడా తొమ్మిది రోజులుగా ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. కోపమని జెబా అనుకుంది.

అనసూయమ్మ చాయ్ తేలేదు. లోపలికి వెళ్లి పరుపు మీది గట్టి దిండు ఒకటి తెచ్చి, గది మధ్యలో నేల మీద పడేసింది.

"నేర్పు" అంది.

"పెద్దమ్మా…"

"నేను నీ జడ గుంజిన. నీ చెయ్యి ఒక్క గడియ ఆగినా నా మనిషి నాకు దక్కకపోతుండె. తొమ్మిది దినాల సంది అదే కండ్లల్ల మెదులుతుంది." అనసూయమ్మ దిండు పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది. "రేపు నువ్వు పోతవు. ఈ ఇంట్ల మేమిద్దరమే. మల్ల గట్లయితే నీళ్ల గ్లాసు పట్కొని నిలబడాల్నా నేను? నేర్పు బిడ్డా."

"నీ మోకాళ్లు నొస్తయి పెద్దమ్మా."

"నొయ్యనియ్యి."

జెబా ఆమె పక్కన కూర్చుని చేతి మీద చెయ్యి పెట్టి చూపించింది. అనసూయమ్మ కొంగు నడుముకు దోపి మొదలుపెట్టింది. ముప్పయ్యేళ్లు రోట్లో కారం దంచిన చేతులు. మొదటి దెబ్బకే దిండు నేలకు అణిగిపోయింది. ఒకటి, రెండు, మూడు. జుట్టు విడిపోయింది, నుదుటి నుంచి చెమట కారుతోంది. వంద దాటింది. రొప్పుతోంది, ఆపడం లేదు. "ఇగ చాలు పెద్దమ్మా" అని జెబా అన్నా వినలేదు.

పర్వతాలు మంచం మీద దిండ్లకు ఆనుకుని చూస్తున్నాడు. ఆయనకు ఆ ఆదివారం సంగతి ఏమీ గుర్తులేదు. బంతి కొట్టాడు, ఆసుపత్రిలో లేచాడు. మధ్యలో ఏం జరిగిందో నలుగురూ చెప్తే విన్నాడు తప్ప, తన కోసం ఎంత జరిగిందో ఆయనకు ఇప్పుడే కనబడుతోంది. భార్య చేతులు పడే ప్రతిసారీ ఆయన చెయ్యి తెలియకుండానే తన రొమ్ము మీదికి పోతోంది. చాంద్‌పాషా వంక చూశాడు. జెబా వంక చూశాడు. కళ్లు నిండిపోయాయి, తుడుచుకోలేదు.

మెల్లగా మంచం దిగాడు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి, అనసూయమ్మ భుజం మీద చెయ్యి వేశాడు.

"చాలు తియ్యే అనసూయా" అన్నాడు. "బతికిండు."